నొప్పుల గదిలో పక్కన ఎవరుండాలి? మిడ్‌వైఫ్ పరిశోధనలు, మన దక్షిణ తెలంగాణ

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద మోసుకుంటూ రోడ్డుకు తెచ్చిన రోజులు చూసినవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. మొత్తం కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లే. ప్రైవేటు దవాఖానల్లో అయితే 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. దేశ సగటు 21.5. రాష్ట్రాలన్నిటిలో మనదే పైచేయి.

నల్లగొండలోనో పాలమూరులోనో ఈ మాట ఎత్తితే రెండు జవాబులు తయారుగా ఉంటాయి. “పైసల కోసం కోస్తున్నరు” అన్నది ఒకటి. “ఇప్పటి పిల్లలకు నొప్పులు పట్టే ఓపిక ఏడుంది? పంతులు దగ్గర ముహూర్తం పెట్టించుకొని మరీ వస్తరు” అన్నది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ బిల్లే ఉండని సర్కారు దవాఖానలో 44.5 ఎందుకుందో మొదటి జవాబు చెప్పదు. నొప్పులతోనే వచ్చి, ఆరేడు గంటలు పడి, చివరికి థియేటర్‌కు వెళ్లేవాళ్ల గురించి రెండో జవాబు చెప్పదు. ఆ ఆరేడు గంటల్లో గదిలో ఏం జరిగింది, ఎవరు పక్కనున్నారు అన్నది రెండు జవాబులూ దాటేస్తాయి. కాన్పు చేయించడంలో ప్రత్యేక శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ల మీద జరిగిన పరిశోధనలో ముఖ్యమైన భాగం ఆ గంటల గురించే.

ముందు 60.7 అంకె సంగతి ఒకటి తేల్చాలి. ఈ సర్వే తెలంగాణలో జరిగింది 2019 రెండో సగంలో. అడిగింది అంతకు ముందు ఐదేళ్లలో అయిన కాన్పుల గురించి. అంటే ఇది దాదాపు 2014 నుంచి 2019 దాకా జరిగినదాని లెక్క. రాష్ట్రంలో మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలైంది 2017లో. కాబట్టి ‘మిడ్‌వైఫ్‌లు వచ్చినా ఆపరేషన్లు తగ్గలేదు’ అని ఈ అంకె చూపించి వాదించేవాళ్లు, విత్తనం మొలకెత్తకముందే పంట లెక్క అడుగుతున్నట్టు.

ఇంకో వాదన డాక్టర్ల వైపు నుంచి వస్తుంది: ఆపరేషన్లు ఎక్కువ కాబట్టే తల్లుల మరణాలు తగ్గాయి అని. మరణాలు తగ్గిన మాట నిజం. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం లెక్కల్లో లక్ష కాన్పులకు తెలంగాణలో తల్లుల మరణాలు 2014-16లో 81 ఉంటే 2018-20 నాటికి 43కి దిగాయి. అయితే ఆపరేషన్ల శాతం నాలుగో విడత సర్వేలోనే 57.7 ఉంది. మరణాలు సగానికి దగ్గరగా పడిపోతే ఆపరేషన్ల శాతం 57.7 నుంచి 60.7కి, అంటే మూడు పాయింట్లే కదిలింది, అదీ పైకి. కేరళలో ఆపరేషన్లు 38.9 శాతం, తల్లుల మరణాలు లక్షకు 19. జనాభా మొత్తం మీద ఆపరేషన్లు 10 శాతం దాటాక, ఇంకా పెంచినకొద్దీ మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. 10 శాతమే చేయాలని దాని అర్థం కాదు. అవసరమైన తల్లికి ఆపరేషన్ అందడమే ముఖ్యమని ఆ ప్రకటనలోనే ఉంది. మన దగ్గర మాత్రం ఆ రెండో వాక్యం ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు ఆ గదిలోకి పోదాం. తొలిచూలు అమ్మాయి ఒకామెను అనుకోండి, మునుగోడు దిక్కు పల్లె. తొమ్మిది నెలలు నిండాయి, బిడ్డ తల కిందికే ఉంది, బీపీ లేదు, షుగర్ లేదు. రాత్రి పదింటికి నొప్పులు మొదలైతే 108లో తెచ్చి జిల్లా ఆస్పత్రిలో దింపారు. గర్భసంచి మూతి మూడు సెంటీమీటర్లు తెరుచుకుంది. అమ్మను బయట కూర్చోబెట్టారు. అమ్మాయిని ఇనుప టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఆ వార్డులో ఆ రాత్రి ఒక డాక్టరమ్మ, ఇద్దరు స్టాఫ్ నర్సులు. పక్క టేబుళ్ల మీద ఇంకా నలుగురైదుగురు. డాక్టరమ్మ థియేటర్‌లో ఉంది. అర్ధరాత్రి దాటాక చూస్తే నాలుగు సెంటీమీటర్లు. ‘నొప్పులు రావట్లేదు’ అని సెలైన్‌లో నొప్పుల మందు ఎక్కించారు. నొప్పులు ఒక్కసారిగా ఉరికొచ్చాయి. అమ్మాయి అరిచింది, ఎవరో గద్దించారు. తెల్లవారుజామున బిడ్డ గుండె చప్పుడు తగ్గినట్టు అనిపించింది. సంతకం పెట్టించుకున్నారు.

ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. ఆ చివరి నిర్ణయం తీసుకున్న డాక్టరమ్మను తప్పుపట్టలేం కూడా, గుండె చప్పుడు తగ్గితే ఆగకూడదు. కానీ అక్కడిదాకా తెచ్చిన మెట్లు చూడండి. మూడు సెంటీమీటర్ల దగ్గరే చేర్చుకొని గడియారం మొదలుపెట్టడం ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం అసలు నొప్పుల దశ లెక్క మొదలవ్వాల్సింది ఐదు సెంటీమీటర్ల నుంచి. గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత కొలతను పట్టుకొని మందులెక్కించొద్దనీ అవే చెప్పాయి. వెల్లకిలా పడుకోబెట్టడం ఇంకొకటి, సొంత మనిషిని గది బయట ఆపేయడం మరొకటి.

మిడ్‌వైఫ్ ఉన్న గదిలో ఇదే అమ్మాయికి ఏం చేస్తారు? మూడు సెంటీమీటర్లకు “ఇంకా టైముంది బిడ్డా, అమ్మతో కలిసి వరండాల నడువు” అంటారు. మంచినీళ్లు, గంజి తాగనిస్తారు. నొప్పి వచ్చినప్పుడల్లా కడుపు మీద అరచెయ్యి పెట్టి, పది నిమిషాల్లో ఎన్ని వస్తున్నాయి, ఒక్కోటి ఎన్ని సెకన్లు ఉంటోంది లెక్కపెడతారు. చేతిలో పట్టే డాప్లర్‌తో పావుగంట, అరగంటకోసారి, బిడ్డ దిగే దశలో ఐదు నిమిషాలకోసారి, నొప్పి తగ్గిన వెంటనే గుండె చప్పుడు వింటారు. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి నడుం ఊపిస్తారు, కావాలంటే మోకాళ్ల మీద వంగనిస్తారు, పక్కకు తిరిగి పడుకోనిస్తారు. తల కనబడే వేళకు గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ కింద అదిమి పడతారు. పెద్ద చీలికలు తగ్గడానికి ఇది పనికొస్తుందని పరీక్షల్లో తేలింది. పొట్ట మీద మోచెయ్యి పెట్టి నొక్కడం ఉండదు, ఆ పని వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. బిడ్డ బయటపడ్డాక తల్లికి ఆక్సిటోసిన్ సూది, బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోయడం, బిడ్డను నేరుగా తల్లి రొమ్ము మీద వేయడం. ఏదైనా గాడి తప్పుతోందనిపిస్తే డాక్టర్‌కు ఫోన్.

ఇది పాత మంత్రసానుల కాలానికి తిరిగి పోవడం కాదని ఇక్కడే చెప్పాలి. సర్కారు దవాఖానల్లో పనిచేస్తున్న రిజిస్టర్డ్ నర్సులకు పైన 18 నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చి తయారుచేసిన వాళ్లు వీళ్లు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, హైదరాబాద్‌లో ప్రసూతి ఆస్పత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి దీన్ని మొదలుపెట్టాయి. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు తెచ్చింది.

మరి పరిశోధన ఏమంటోంది? వేర్వేరు దేశాల్లో జరిగిన పరీక్షలను, అంటే తల్లులను రెండు గుంపులు చేసి రెండు పద్ధతులను పోల్చే అధ్యయనాలను, జల్లెడ పట్టి కలిపి చూసే కాక్రేన్ సంస్థ ఈ విషయం మీద 2024లో తాజా సమీక్ష ఇచ్చింది. 17 పరీక్షలు, 18,533 మంది స్త్రీలు. గర్భం దగ్గర్నుంచి కాన్పు తర్వాత దాకా ఒకే మిడ్‌వైఫ్ లేదా చిన్న బృందం చూసుకుంటే మామూలు కాన్పులు 66 శాతం నుంచి 70కి పెరిగాయి. కింది భాగంలో కత్తెర పెట్టే కోతలు 23 నుంచి 19కి తగ్గాయి. వాక్యూమ్, ఫోర్సెప్స్‌తో లాగిన కాన్పులు 14 నుంచి 13కి. ఆపరేషన్లు 16 నుంచి 15కి.

పదహారు నుంచి పదిహేను! మిడ్‌వైఫ్‌లు వస్తే 60 కాస్తా 20కి పడిపోతుందని ఆశపడే అధికారులు ఈ వరుస దగ్గర ఒక నిమిషం ఆగాలి. ఈ పరీక్షలు ఆస్ట్రేలియా, కెనడా, చైనా, ఐర్లండ్, బ్రిటన్‌లలో జరిగినవి. మొత్తంగా అక్కడ ఆపరేషన్లు మొదలే 16 శాతం. వాటిలో చాలావరకు అవసరమైనవే అయితే తగ్గడానికి ఉన్న చోటు తక్కువ. మన సర్కారు దవాఖానలో 44.5 ఉన్నచోట ఆ చోటు చాలా ఎక్కువే అనుకోవచ్చు. కానీ అది మన ఊహ. అక్కడి పరీక్ష ఇక్కడి అంకెకు హామీ ఇవ్వదు.

ఒకే దేశంలోనే ఫలితాలు ఎలా మారతాయో ఆస్ట్రేలియాను చూస్తే తెలుస్తుంది. 2012లో వచ్చిన కాస్మాస్ పరీక్షలో ఇబ్బందులేవీ లేని 2,314 మంది గర్భిణులను తీసుకున్నారు. మిడ్‌వైఫ్ చూసుకున్న వాళ్లలో ఆపరేషన్లు 19.4 శాతం, మామూలు పద్ధతిలో 24.9. తేడా బాగా కనబడింది. మరుసటి ఏడాది వచ్చిన మ్యాంగో అనే పరీక్షలో ఇబ్బందులున్న వాళ్లను కూడా కలిపి 1,748 మందిని తీసుకున్నారు. అక్కడ 21, 23. లెక్కల ప్రకారం తేడా ఉన్నట్టు కాదు. ఎవరిని పరీక్షలో చేర్చుకున్నారన్నది ఫలితాన్ని ఎంత మారుస్తుందో చూడండి. ఎవరైనా ఒక్క పరీక్ష పట్టుకొచ్చి ‘రుజువైపోయింది’ అంటే కొంచెం అనుమానించడమే మంచిది.

ఈ పరీక్షల్లో ఒక పద్ధతి ఉంది, అది తెలియకపోతే అన్నీ తలకిందులుగా అర్థమవుతాయి. మిడ్‌వైఫ్ గుంపులో చేరిన ఆమెకు మధ్యలో బీపీ పెరిగి డాక్టర్ దగ్గరికి పంపారనుకోండి, ఆపరేషన్ అయిందనుకోండి. ఆ ఆపరేషన్‌ను మిడ్‌వైఫ్ గుంపు ఖాతాలోనే రాస్తారు. ఎవరి దగ్గర మొదలైందో వాళ్ల లెక్కే. ఇలా రాయకపోతే కష్టమైన కాన్పులన్నీ డాక్టర్ల ఖాతాలో పడి, మిడ్‌వైఫ్ దగ్గర మిగిలినవన్నీ సాఫీగా అయినవే కనబడతాయి. ‘మా యూనిట్‌లో నూటికి నూరు నార్మల్’ అని ఎక్కడైనా చదివితే, పంపించేసిన వాళ్లను ఎక్కడ రాశారని అడగండి.

పరిశోధన తనను తాను దిద్దుకోవడం కూడా ఇక్కడ చూడొచ్చు. ఇదే కాక్రేన్ సమీక్ష 2016లో, మిడ్‌వైఫ్ చూసుకుంటే నెలలు నిండని కాన్పులు 24 శాతం తగ్గుతాయని చెప్పింది. 2024లో కొత్త పరీక్షలు చేర్చి, కఠినంగా లెక్కకట్టేసరికి ఆ తేడా దాదాపు మాయమైంది. మన పత్రికల్లో ఇప్పటికీ పాత మాటే తిరుగుతోంది. ఇంకా ఎక్కువ తిరిగేది, మిడ్‌వైఫ్‌లతో తల్లుల మరణాల్లో 67 శాతం ఆపొచ్చన్న మాట. అది 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 88 దేశాల్లో 2035 నాటికి మిడ్‌వైఫ్‌లు చేయగల సేవలన్నీ అందరికీ అందితే ఎలా ఉంటుందని కంప్యూటర్ మీద కట్టిన అంచనా. అందులో కుటుంబ నియంత్రణ సేవలు కూడా కలిసి ఉన్నాయి. అంచనాగా అది విలువైనదే. ఎక్కడో జరిగిన ఫలితంగా చెప్పుకోవడమే తప్పు.

నా దృష్టిలో మొత్తం బొమ్మ కంటే విడి ముక్కల మీద ఉన్న ఆధారాలే మనకు ఎక్కువ పనికొస్తాయి. నొప్పుల్లో ఉన్నంతసేపూ పక్కన ఒక తోడు మనిషి ఉంటే ఏమవుతుందని 17 దేశాల్లో, 15,858 మంది మీద జరిగిన పరీక్షలను కాక్రేన్ 2017లో కలిపి చూసింది. ఆపరేషన్లు సుమారు నాలుగో వంతు తగ్గాయి, నొప్పుల సమయం 40 నిమిషాల దాకా తగ్గింది. తొలి దశలో నిలబడి, నడుస్తూ ఉన్నవాళ్లకు పడుకున్నవాళ్ల కంటే గంటా ఇరవై నిమిషాలు ముందే ఆ దశ ముగిసిందని ఇంకో సమీక్ష. కడుపుకు బెల్టు కట్టి నిరంతరం గ్రాఫు తీసే సీటీజీ యంత్రాన్ని, మధ్యమధ్యలో డాప్లర్‌తో వినడాన్ని పోల్చి చూస్తే, యంత్రం వల్ల పుట్టిన బిడ్డలకు ఫిట్స్ రావడం సగానికి తగ్గింది, కానీ మరణాల్లోనూ, మెదడు పక్షవాతంలోనూ తేడా రాలేదు. ఆపరేషన్లు మాత్రం బాగా పెరిగాయి. ఇబ్బంది లేని గర్భిణికి యంత్రం కంటే వినే చెవి చాలన్నది ఇందులో సారం. అయితే వినేవాళ్లు ఒకరు ఉండాలి, పావుగంటకోసారి నిజంగా వచ్చి వినాలి. నలుగురైదుగురు తల్లులకు ఒక నర్సు ఉన్నచోట యంత్రమే గతి అవుతుంది.

తోడు మనిషి ఖర్చు లేని మందు. కాన్పు గదిలోకి తోడును రానివ్వొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. అయినా మన వార్డుల్లో అమ్మో, అత్తమ్మో, వదినో బయట బెంచీ మీదే కూర్చుంటున్నారు. గది ఇరుకు, పక్క టేబుల్ ఆమెకు తెర లేదు అన్నవి నిజమైన కారణాలు. తెర బట్టకు ఎంత ఖర్చవుతుంది?

ఇంగ్లండ్ అనుభవంలో మనం నేర్చుకోవాల్సింది రెండు వైపులా ఉంది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం 64,538 మంది ఇబ్బందులు లేని గర్భిణులను చూసింది. మిడ్‌వైఫ్ యూనిట్లలో కాన్పు మొదలుపెట్టిన వాళ్ల బిడ్డలకు డాక్టర్ల యూనిట్ల కంటే ఎక్కువ ముప్పేమీ కనబడలేదు, ఆపరేషన్లు తక్కువ. ఇంటి దగ్గర తొలిచూలు కాన్పుకు మాత్రం బిడ్డకు ముప్పు (మరణం లేదా తీవ్ర హాని) ఎక్కువ: డాక్టర్ల యూనిట్లలో వెయ్యికి 5.3 ఉంటే ఇంటి దగ్గర 9.3. ఇంకో విషయం, ఆస్పత్రి ఆవరణలోనే ఉన్న మిడ్‌వైఫ్ యూనిట్లలో మొదలుపెట్టిన తొలిచూలు తల్లుల్లో 40 శాతం మందిని నొప్పుల సమయంలోనో కాన్పు అయిన వెంటనేనో డాక్టర్ల వైపు మార్చాల్సి వచ్చింది. ఎక్కువసార్లు కారణం కాన్పు నెమ్మదించడమే, ప్రాణాపాయం కాదు. అయినా పదిమందిలో నలుగురు.

ఆ అంకెను అమ్రాబాద్ గుట్టల మీద, చందంపేట తండాల్లో పెట్టి చూడండి. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎంత మంచి మిడ్‌వైఫ్‌ను పెట్టినా, థియేటర్, రక్తం, మత్తు డాక్టర్ ఘాట్ రోడ్డుకు అవతల ఉంటే ఆ ఏర్పాటు సగమే. దేవరకొండ నుంచి నల్లగొండకే సుమారు 60 కిలోమీటర్లు. కాబట్టి మిడ్‌వైఫ్ యూనిట్ థియేటర్ ఉన్న ఆస్పత్రిలోనే, అదే అంతస్తులో ఉండాలి. గుట్టల్లో ఉన్నవాళ్లను నొప్పులు రాకముందే కిందికి తెచ్చి ఉంచే చోటు కావాలి.

ఇక రెండో వైపు. 2022 మార్చిలో ఇంగ్లండ్‌లో ష్రూస్‌బరీ ఆస్పత్రుల ప్రసూతి సేవల మీద డోనా ఆకెండెన్ అనే మిడ్‌వైఫ్ నడిపిన విచారణ నివేదిక వచ్చింది. 1,486 కుటుంబాల కేసులు చూసి, మెరుగైన వైద్యం అంది ఉంటే 201 మంది పిల్లలు బతికి ఉండవచ్చని తేల్చింది. సిబ్బంది కొరత, తప్పుల నుంచి నేర్చుకోకపోవడం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. ఆపరేషన్ల శాతం తక్కువగా ఉంచడమే గొప్పగా చూసుకున్న వాతావరణం కూడా వాటిలో ఒకటి. ఆ నివేదికకు నెల ముందే, ఆపరేషన్ల శాతాన్ని పనితీరు కొలతగా వాడొద్దని అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఆస్పత్రులకు చెప్పింది. మన దగ్గర సమీక్ష సమావేశాల్లో ‘మీ దగ్గర సిజేరియన్లు ఎంత శాతం, ఎందుకు తగ్గలేదు’ అని నిలదీయడం చూస్తుంటే ఇదే గుర్తొస్తుంది. మిడ్‌వైఫ్‌ను ఆపరేషన్లు తగ్గించే పనిముట్టుగా చూస్తే, అంకె కోసం అరగంట ఆలస్యం చేసే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

పరిశోధనల్లో ‘ఇబ్బందులు లేని గర్భిణి’ అంటే ఒకే బిడ్డ, తల కిందికి, నెలలు నిండాయి, ముందు ఆపరేషన్ లేదు, బీపీ, షుగర్, తీవ్ర రక్తహీనత లేవు. మన జిల్లాల్లో అలాంటివాళ్లు ఎంతమంది? ఐదో విడత సర్వేలో రాష్ట్రంలోని గర్భిణుల్లో 53.2 శాతానికి రక్తహీనత ఉంది. నాగర్‌కర్నూల్, గద్వాల జిల్లాలు ఈ రక్తహీనత తగ్గించడానికి 2022లో మొదలైన న్యూట్రిషన్ కిట్ పథకానికి మొదట ఎంచుకున్న తొమ్మిది జిల్లాల్లో ఉన్నాయి. రక్తం తక్కువున్న తల్లికి కాన్పు తర్వాత మామూలు రక్తస్రావం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటామె నొప్పుల గదిలో మిడ్‌వైఫ్ దగ్గర కంటే ముందు, ఐదో నెలలో ఏఎన్‌ఎం దగ్గర దొరకాలి.

అంతకంటే పెద్ద చిక్కు మలిచూలుది. తొలి కాన్పే కోత అయితే రెండోసారి ఆమె ఇబ్బందులు లేని జాబితాలోంచి తప్పుకుంటుంది, చాలావరకు మళ్లీ కోతే అవుతుంది. ఇలా కోతలు పెరిగినకొద్దీ మాయ గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయే ముప్పు పెరుగుతుంది. మాయ కిందికి, మూతికి అడ్డంగా ఉన్నవాళ్లలో ఈ ముప్పు మొదటి ఆపరేషన్ నాటికి 3 శాతం, రెండో దానికి 11, మూడో దానికి 40 అని 2006లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం చెప్పింది. కాబట్టి మన దగ్గర మిడ్‌వైఫ్ నిజంగా తిప్పగలిగేది తొలిచూలు కాన్పులనే. దాని ఫలితం మొత్తం శాతంలో కనబడటానికి రెండో కాన్పుల దాకా, అంటే కొన్నేళ్లు ఆగాలి.

ఆ తొలిచూలు దగ్గరే మన ఆచారం అడ్డొస్తుంది. తొలి కాన్పు తల్లిగారింట్లోనే. అత్తగారి ఊళ్లో ఆరేడు నెలలు ఒక ఏఎన్‌ఎం, ఒక ఆశా చూసిన పిల్ల, ఆ తర్వాత ఇంకో మండలానికో జిల్లాకో వెళ్తుంది. పాలమూరు నుంచి హైదరాబాద్‌కో పుణెకో వలసపోయిన జంటల్లో అయితే తొమ్మిదో నెలలో ఊరు చేరేవాళ్లూ ఉంటారు. మిడ్‌వైఫ్‌ల గురించి కాక్రేన్ చెప్పిన మేలంతా మొదటి నుంచి చివరిదాకా ఒకరో ఒక చిన్న బృందమో చూసుకున్నప్పటిది. మన ఏర్పాటులో మిడ్‌వైఫ్ మొదటిసారి ఆమె ముఖం చూసేది చాలాసార్లు నొప్పుల గదిలోనే. దీనికి ఊరికో మిడ్‌వైఫ్‌ను పెట్టలేం. తల్లిగారింటికి రాగానే పుట్టింటి ఊరి ఆశా ఆమెను ఒకసారైనా ఆస్పత్రి మిడ్‌వైఫ్ గదికి తీసుకెళ్లి పరిచయం చేస్తే, పూర్తి మేలు కాకపోయినా కొంత దక్కుతుంది.

కొలవడం గురించి ఒక మాట. మొత్తం శాతం బదులు కాన్పులను పది గుంపులుగా విడదీసే రాబ్సన్ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫార్సు చేసింది. మొదటి గుంపు: తొలిచూలు, ఒకే బిడ్డ, తల కిందికి, నెలలు నిండాయి, నొప్పులు తమంతట తామే వచ్చాయి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ఆస్పత్రులు నెలనెలా ఆ ఒక్క గుంపులో ఎన్ని ఆపరేషన్లయ్యాయో, దాని పక్కనే ఆ గుంపులో ఎంతమంది బిడ్డలు పుట్టగానే ఏడవలేదో, ఎంతమందిని నవజాత శిశువుల వార్డుకు పంపారో బోర్డు మీద రాస్తే చాలు. రెండో అంకె లేకుండా మొదటిది రాయకూడదు.

ప్రైవేటు సంగతి వేరు. 2017 నాటి కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు ఇచ్చాక సర్కారు దవాఖానల వాటా 30 శాతం నుంచి దాదాపు 50కి పెరిగింది. ఐదో విడత సర్వే నాటికి మిగతా సగం 81.5 శాతం ఆపరేషన్లు జరిగేచోటే ఉండేది. మిడ్‌వైఫ్‌ల పథకం అంతా సర్కారు వైపే నడుస్తోంది.

ఇంట్లో గర్భిణి ఉన్నవాళ్లు ఎనిమిదో నెలలోనే దవాఖానలో నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. నొప్పుల్లో మా మనిషిని లోపలికి రానిస్తారా? నడవనిస్తారా? మిడ్‌వైఫ్ ఉందా, రాత్రి డ్యూటీలో కూడా ఉందా? రాత్రి రెండింటికి ఆపరేషన్ కావాలంటే మత్తు డాక్టర్, రక్తం ఇక్కడే దొరుకుతాయా? మొదటి మూడింటికి ‘ఔను’ అని చెప్పి నాలుగోదానికి తడబడితే ఆ చోటు తొలిచూలు కాన్పుకు సరిపోదు. ముందే తెలిస్తే దవాఖాన మార్చుకోవడానికి ఇంకా నెల రోజుల వ్యవధి ఉంటుంది.